ఈ తేదీ ఎక్కడిది?

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పునర్నిర్మాణానికి ప్రధాని పరేడ్ గ్రౌండ్స్ వేదిక మీద నుంచి శంకుస్థాపన చేసింది 2023 ఏప్రిల్ 8న. మన అలవాటు ప్రకారం 08/04/2023 అని రాస్తాం. అమెరికా పద్ధతిలో తేదీలు చదివేలా అమర్చిన కంప్యూటర్‌కు ఇవే అంకెలు ఇస్తే ఆగస్టు 4 అని చదువుకుంటుంది. 118 రోజుల తేడా. పైగా తప్పు చదివానని చెప్పదు. రోజు అంకె 12 లోపు ఉన్న తేదీలను గుట్టుగా తారుమారు చేస్తుంది. 12 దాటిన వాటి దగ్గరికి వచ్చేసరికి, పదమూడో నెల అంటూ లేదు కాబట్టి, వాటిని తేదీగా గుర్తించక ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. 4/4, 5/5 లాంటివి ఎటు చదివినా ఒకటే కనుక నెలకు పదకొండు చొప్పున ఏడాదికి 132 తేదీలు ఇలా తలకిందులు కాగలవు. ఒకే కాలమ్‌లో కొన్ని సరైనవి, కొన్ని అబద్ధాలు, కొన్ని శవాలు. ఎక్సెల్ షీటులోని పనుల జాబితాను మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్, ప్రైమవెరా లాంటి ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే ప్లానింగ్ ఇంజనీర్లకు ఇది పాత తలనొప్పే. నెలను అంకెల్లో కాకుండా ‘ఏప్రిల్’ అని రాస్తే చాలావరకు తీరిపోతుంది కూడా. తీరని తలనొప్పి వేరే ఉంది. అంకె అంకె సరిగ్గా చేరినా ప్లాను పాడయ్యే సందర్భం అది. అక్కడ తప్పు తేదీ చదవడంలో ఉండదు, ఆ తేదీని అసలు పంపడంలోనే ఉంటుంది.

స్టేషన్ పనినే చూడండి. శంకుస్థాపన నాడు చెప్పిన ఖర్చు సుమారు 720 కోట్ల రూపాయలు. ఉత్తరం వైపొక భవనం, దక్షిణం వైపొక భవనం, పట్టాల మీదుగా రెంటినీ కలిపే రెండంతస్తుల విశాలమైన ప్రాంగణం. ఖాళీ స్థలంలో కట్టేదైతే ఇదంత కష్టం కాదు. ఇక్కడ రైళ్ళు నడుస్తూనే ఉండాలి. ఒక ప్లాట్‌ఫామ్ మూయాలంటే అక్కడ ఆగే రైళ్ళకు మరోచోట చోటు చూపాలి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని రైళ్ళు అటు మళ్ళాయి. ఆ తర్వాతి నెలలోనే సికింద్రాబాద్ పాత భవనం కూల్చివేత మొదలైంది. అంటే ఊరి ఈ చివరన గోడ కూలాలంటే ఆ చివరన టెర్మినల్ సిద్ధం కావాలి. ఇలాంటి పనిలో ఏ ఒక్క తేదీ ఒంటరిది కాదు. ప్రతిదాని వెనకా మరో పని ఉంటుంది, దాని వెనక ఇంకోటి. దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయమైన రైల్ నిలయం వాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. రైల్వే కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్ గీసే చార్టులో అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు ఉంటాయి. ఒక్కో రైలు ఒక్కో ఏటవాలు గీత. ఇప్పుడు అది కంప్యూటర్ తెర మీదికి వచ్చింది గానీ సూత్రం పాతదే. ఒక రైలు ఇరవై నిమిషాలు ఆలస్యమైతే కంట్రోలర్ దృష్టి ఆ ఒక్క రైలు దగ్గరే ఆగదు, దాని గీత వెళ్ళి ఏ గీతను తాకుతుందో చూస్తాడు. అదే సమాచారాన్ని టైంటేబుల్ పుస్తకంలోని వరుసల్లా రాసి ఇస్తే రైళ్ళ వేళలన్నీ ఉంటాయి, ఢీకొనే గీతలు మాత్రం కనిపించవు.

స్ప్రెడ్‌షీటుకూ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌కూ ఉన్న తేడా ఇదే. రెండింటి పుట్టుకలు వేరు. డ్యూపాంట్ రసాయనాల కంపెనీ తన ప్లాంట్ల నిర్మాణాన్నీ మరమ్మతులనూ లెక్కగట్టుకోవడానికి 1957 ప్రాంతంలో క్రిటికల్ పాత్ పద్ధతి పుట్టింది. ఆ మరుసటి ఏడే అమెరికా నౌకాదళపు పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే పద్ధతి వచ్చింది. రెండిట్లోనూ అసలు సరుకు పనులూ, వాటి వ్యవధులూ, ఏది అయ్యాక ఏది అన్న ముడులూ. తేదీ అనేది చివర్లో లెక్కలో తేలేది. స్ప్రెడ్‌షీటు దీనికి పూర్తిగా వేరు. 1979లో విజికాల్క్‌తో మొదలై లోటస్ మీదుగా ఎక్సెల్ దాకా వచ్చిన ఈ వస్తువు లెక్కల పద్దుల పుస్తకానికి మనవడు. గడిలో ఏది రాస్తే అదే నిజం. తేదీ రాస్తే తేదీ, పేరు రాస్తే పేరు. గడిలో ఫార్ములా పెట్టి, పై పని ముగిసిన మరునాడు కింది పని మొదలు అని షీటులోనూ కట్టుకోవచ్చు కదా అంటారు. కట్టుకోవచ్చు, తెలివైన వాళ్ళు కట్టుకుంటారు కూడా. కానీ షీటులోంచి ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళేది ఫార్ములా కాదు, దాని ఫలితం. ముడి షీటులోనే ఉండిపోతుంది, తేదీ ఒక్కటే ప్రయాణిస్తుంది.

ఇలా ప్రయాణించిన తేదీకి గమ్యంలో ఏమవుతుందో కాస్త నిలబడి చూడాలి. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ఆటోమేటిక్‌గా లెక్కగట్టే పనికి మనం ‘మొదలు’ తేదీ అందిస్తే, అది దాన్ని సమాచారంగా తీసుకోదు, ఆజ్ఞగా తీసుకుంటుంది. ఈ పని ఈ తేదీకన్నా ముందు మొదలు కాకూడదు అని తనలో రాసుకుంటుంది. ‘ముగింపు’ తేదీ ఇస్తే ఇంతకన్నా ముందు ముగియకూడదు అంటుంది. మూడు వందల పనుల షీటును రెండు తేదీ కాలమ్‌లతో సహా ఎక్కిస్తే మూడు వందల మేకులు దిగబడినట్టే. పనుల మధ్య ముడులు కూడా ఎక్కించామని ధీమా పడనక్కర్లేదు. ఉదాహరణకు, పునాది పని పది రోజులు ఆలస్యమైందనుకుందాం. ముడి ఉంది కాబట్టి దాని మీది స్తంభం పని పది రోజులు వెనక్కి జరుగుతుంది, బాగానే ఉంది. అదే పునాది పది రోజులు ముందే అయిపోతే? స్తంభం పని కదలదు. మేకు అడ్డం. ఆలస్యం ఒక పని నుంచి మరో పనికి పాకుతుంది గానీ కలిసొచ్చిన కాలం పాకదు. ఇక క్రిటికల్ పాత్ సంగతి మరీ అన్యాయం. పని మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఎడతెగకుండా సాగాల్సిన ఆ గొలుసు నడి మధ్యలో ఏదో మేకు దగ్గర మొదలైనట్టు కనిపిస్తుంది. దానికి ముందున్న పనులన్నిటికీ లేని వెసులుబాటు ఉన్నట్టు తెర చూపిస్తుంది. నిజంగా తొందర పడాల్సిన పని తాపీగా ఉండొచ్చన్న జాబితాలోకి చేరిపోతుంది. తెర మీద బార్‌చార్ట్ మాత్రం ముచ్చటగా, రంగురంగుల్లో, షీటులో ఉన్న తేదీలకు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటుంది. అచ్చు అలాగే ఉంది కాబట్టి సరిగ్గా ఎక్కిందని నమ్ముతాం.

అందుకే షీటులోని ప్రతి తేదీని ఒక ప్రశ్న అడగాలంటాను. నువ్వు ఎక్కడిదానివి? జవాబులు మూడే వస్తాయి. ఒకటి, జరిగిపోయిన తేదీ. ఫలానా రోజు కాంక్రీటు పోశారు, అంతే, దాన్ని ఎవరూ మార్చలేరు. రెండు, ఎవరో ఇచ్చిన తేదీ. ఫలానా రాత్రి ఈ లైను మీద రైళ్ళు ఆపుతాం, పని చేసుకోండి అని ఆపరేటింగ్ విభాగం ఇచ్చినది, లేదా ఒప్పందంలో రాసి ఉన్న గడువు. మూడు, లెక్కలో తేలిన తేదీ. అంతకు ముందు పనులు ఇలా జరిగితే ఇది అప్పటికి మొదలవుతుంది అన్న అంచనా. మొదటి రెండూ షీటు నుంచి సాఫ్ట్‌వేర్‌కు వెళ్ళవచ్చు, వెళ్ళాలి కూడా. మూడోది ఎన్నటికీ ఆ దారిన వెళ్ళకూడదు. సాఫ్ట్‌వేర్ నుంచి షీటుకు రావచ్చు గానీ తిరిగి పోకూడదు. నిర్మాణ పనుల షీటుల్లో సాధారణంగా ఈ మూడూ ‘స్టార్ట్ డేట్’ అన్న ఒకే శీర్షిక కింద, ఒకే రంగులో, ఒకే కాలమ్‌లో కాపురం ఉంటాయి. రోగమంతా అక్కడే.

దీనికి రైల్వే పని తెలిసినవాళ్ళు చెప్పే అభ్యంతరం గట్టిది. లెక్కలో తేలిన తేదీలంటూ మీరు తక్కువ చేస్తున్నారు గానీ, నడుస్తున్న స్టేషన్‌లో పని అంతా రైళ్ళనో కరెంటునో కాసేపు ఆపి ఇచ్చే బ్లాకుల మీద ఆధారపడుతుంది; ట్రాఫిక్ బ్లాక్, పవర్ బ్లాక్ దొరికిన రాత్రే గర్డర్ ఎక్కుతుంది; కాబట్టి మా తేదీలన్నీ మేకులే, వాటిని మేకుల్లాగే ఎక్కించాలి అంటారు. ఇందులో సగం ఒప్పుకుంటాను. బ్లాక్ ఇచ్చిన రాత్రి నిజంగానే మేకు, దాన్ని మేకుగానే దిగ్గొట్టాలి. కానీ గర్డర్ ఎక్కించే రాత్రి ఒకటే మేకు. దానికి ముందు గర్డర్ తయారీ, రవాణా, స్తంభం మీద బేరింగ్ అమరిక, ఇవన్నీ ఆ రాత్రికి అందాల్సిన పనులు, ఎవరో ఇచ్చిన తేదీలు కావు. వీటినీ మేకులు చేసేస్తే ఆ రాత్రికి అవి అందుతాయా లేదా అని ముందుగా చెప్పే శక్తి ప్లానుకు పోతుంది. బ్లాక్ రాత్రి అంత విలువైనది కాబట్టే, మిగిలినవి స్వేచ్ఛగా కదిలి ఆలస్యాన్ని ముందే బయటపెట్టాలి. గడువులకు సాఫ్ట్‌వేర్లలో వేరే గడి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో దాని పేరు డెడ్‌లైన్. అది పని తేదీని కదపదు, దాటితే ఎర్రగుర్తు చూపిస్తుంది. ఒప్పందపు తేదీ వెళ్ళాల్సింది ఆ గడిలోకి.

రెండు చోట్ల ఉన్న సమాచారాన్ని కలపడం అంటే నకలు తీయడం కాదన్న పాఠం సికింద్రాబాద్‌కు ఎప్పుడో తెలుసు. రిజర్వేషన్లు 1980ల నడుమ ఢిల్లీలో కంప్యూటర్లకెక్కి, తర్వాత ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్‌లకు విస్తరించాయి. అయితే ఒక్కో నగరం కంప్యూటర్ దాని లోకం దానిది. ఇక్కడి నుంచి వెళ్ళే టికెట్ ఇక్కడ నిమిషాల్లో వచ్చినా, అవతలి ఊరి నుంచి తిరుగు ప్రయాణానికి మళ్ళీ పాత తిప్పలే. ఈ అయిదింటినీ కలిపిన కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ మొదట అమలైంది 1994లో సికింద్రాబాద్‌లోనే. 1999 నాటికి అయిదు కేంద్రాలూ ఒక్క వలలోకి వచ్చాయి. ఇది చేసినవాళ్ళు ఢిల్లీ జాబితాను సికింద్రాబాద్‌కూ, సికింద్రాబాద్ జాబితాను ఢిల్లీకీ రోజూ నకలు పంపుకునే పద్ధతి పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే ఒకే బెర్తును రెండు ఊళ్ళలో ఇద్దరికి అమ్మేవాళ్ళు. ఒక రైలు బెర్తుల లెక్క ఒక్కచోటే ఉంటుంది. మిగతా నాలుగు ఊళ్ళ కౌంటర్లూ అక్కడికే వచ్చి అడుగుతాయి, అక్కడే మారుస్తాయి. బెర్తుకు ఒకే ఇల్లు. పనుల జాబితాలో ప్రతి కాలమ్‌కూ ఇలాంటి ఒక ఇల్లు ఉండాలన్నదే నా వాదంలో రెండో సగం. జరిగిన తేదీ ఇల్లు సైట్ షీటు. వ్యవధి, ముడి, లెక్కతేలిన తేదీల ఇల్లు ప్లానింగ్ సాఫ్ట్‌వేర్.

బోగీ తలుపు పక్కన అంటించే రిజర్వేషన్ చార్టు గుర్తుందా? పేర్లు వెతుక్కోవడానికి జనం దాని మీద పడిపోయేవాళ్ళు. అది కంప్యూటర్‌లోని లెక్కకు ఒక క్షణాన తీసిన ఫోటో. టీటీఈ తన చేతిలోని చార్టు మీద రాని ప్రయాణికుల పేర్లు కొట్టేసి, పెన్నుతో వేరేవాళ్ళకు ఇచ్చేవాడు. ఆ పెన్ను గీతలు దారి పొడుగునా కంప్యూటర్‌కు తెలిసేవి కావు. ఖాళీ బెర్తు కాగితం మీద మాత్రమే ఖాళీ. ఇప్పుడు టీటీఈల చేతికి ఇచ్చిన పరికరాల్లో అదే గీత నేరుగా అసలు లెక్కలోకి చేరుతోంది. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్సెల్‌లోకి దింపిన షీటు అచ్చం ఆ పాత చార్టు లాంటిదే. చూసుకోవడానికి, ముద్రించి గోడకు అంటించడానికి పనికొస్తుంది. పదిమంది పది చోట్ల దాన్ని దిద్ది వెనక్కి పంపిస్తేనే గొడవ మొదలవుతుంది. ఏ గీత ఏ పనిదో సాఫ్ట్‌వేర్‌కు తెలియాలి. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ఎడమవైపు కనిపించే వరుస సంఖ్య అందుకు పనికిరాదు. మధ్యలో ఒక వరుస చేరిస్తే కిందివన్నీ మారిపోతాయి. నిన్న 42 అయిన పని ఈరోజు 43. దానికి లోపల యూనిక్ ఐడీ అని మరో సంఖ్య ఉంటుంది, పని ఎక్కడికి జరిగినా అది మారదు. షీటు బయటికి వెళ్ళేటప్పుడే ఆ సంఖ్య వెంట వెళ్ళాలి, తిరిగి కలిపేటప్పుడు దాన్నే తాళంచెవిగా వాడాలి. లేకపోతే ఒకరి ప్రగతి మరొకరి ఖాతాలో జమవుతుంది. పని పేరునే తాళంచెవి చేద్దామా అంటే, ‘షటరింగ్’ అన్న పేరు షీటులో నలభైసార్లు ఉంటుంది.

ఎక్సెల్ తనకు తానుగా చేసే సాయం కూడా తక్కువేం కాదు. పనుల విభజనలో 1.1 ఒకటి, 1.10 మరొకటి. ఎక్సెల్ రెండో దాన్ని సంఖ్య అనుకుని సున్నా తీసేస్తుంది, ఇప్పుడు రెండూ ఒకటే. 3-5 అని రాస్తే తేదీ చేసేస్తుంది. ఈ తేదీల పిచ్చి ఎంతదాకా పోయిందంటే, మానవ జన్యువులకు పేర్లు పెట్టే సంఘం వాళ్ళు ఎక్సెల్ వాటిని మార్చి, సెప్టెంబర్ నెలలుగా మార్చేస్తోందని 2020లో కొన్ని జన్యువుల పేర్లే మార్చుకున్నారు! సాఫ్ట్‌వేర్‌ను దారికి తేవడం కన్నా మనిషి జన్యువు పేరు మార్చడం తేలికైంది. అదే ఏడాది అక్టోబర్‌లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ లెక్కల్లోంచి 15,841 కోవిడ్ కేసులు జారిపోయాయని తేలింది. ల్యాబుల నుంచి వచ్చిన జాబితాలను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించారు. అందులో ఒక షీటుకు 65,536 వరుసలకు మించి పట్టవు. మిగిలినవి చప్పుడు లేకుండా రాలిపోయాయి. తప్పు జరిగితే తెలియదా అనేవాళ్ళకు ఇదే నా జవాబు. చేరిన వరుసలు నిండుగా కనిపిస్తుంటే చేరనివాటి కోసం ఎవరూ వెతకరు.

రోజులు అన్న మాట దగ్గర మరో గొయ్యి ఉంది. షీటులో ‘3’ అని ఉంటే బ్లాక్ రాసినవాడి ఉద్దేశం మూడు గంటలు కావచ్చు. ప్రాజెక్ట్ మామూలు అమరికలో దాన్ని మూడు రోజులంటుంది, రోజుకు ఎనిమిది గంటల లెక్కన 24 పనిగంటలు. అది కూడా సోమవారం నుంచి శుక్రవారం దాకా పగటి పూట చేసే ఆఫీసు పని. పట్టాల మీద పని రాత్రి జరుగుతుందని దానికి మనం చెప్పాలి. కాంక్రీటు సంగతి ఇంకో రకం. కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటుకు 10 రోజులు తడిపి ఉంచాలి. కాంక్రీటుకు ఆదివారం లేదు, పండగ లేదు, అది క్యాలెండర్ రోజుల లెక్క. దాని పక్క వరుసలోని సెంట్రింగ్ మేస్త్రీకి రెండూ ఉన్నాయి. షీటులో మాత్రం ఇద్దరికీ ఒకటే ‘7’. ఆషాఢంలో లష్కర్ బోనాలకు మహంకాళి గుడి చుట్టుపక్కల దారులు మూసేస్తే ఆ రోజు సామగ్రి లారీ రాదు. షీటు రాసిన మనిషికి ఇది తెలుసు, అందుకే తేదీని చేత్తో రెండు రోజులు జరిపి రాస్తాడు. ఆ జ్ఞానం తేదీలో కలిసిపోయి కనిపించకుండా పోతుంది. పని ఓ నెల ఆలస్యమైనా ఆ రెండు రోజులు తేదీకే అంటుకుని ఉంటాయి, బోనాలు దాటిపోయాక కూడా. ఆ జ్ఞానం ఉండాల్సింది క్యాలెండర్‌లో.

ఇంత గొడవ దేనికి, అందరూ సాఫ్ట్‌వేర్‌లోనే పనిచేస్తే పోలా అనే వాదన ఉంది. ఆచరణలో పోదు. లైసెన్సులకు డబ్బు కావాలి, నేర్చుకోవడానికి తీరిక కావాలి. సబ్ కాంట్రాక్టర్ దగ్గర ఉండేది ఫోన్, ఆ ఫోన్‌లో షీటు. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళే ఈ సంగతి ఒప్పుకున్నారు. ప్రాజెక్ట్ 2010లో మాన్యువల్ షెడ్యూలింగ్ తెచ్చి, కొత్త పనులకు అదే మామూలు అమరిక చేశారు. తేదీని రాసింది రాసినట్టే ఉంచుతుంది, షీటులాగే. మొదట్లో, వివరాలు తేలకముందు, అది మంచి సౌకర్యం. ఆ స్థితిలోనే చివరిదాకా ఉండిపోతే ఖరీదైన ఎక్సెల్ కొనుక్కున్నట్టు. రెండో వాదన ఈ కాలపు ముద్దుబిడ్డ: మనిషి నకలు తీయడం మానేసి, రెండింటినీ ఆటోమేటిక్‌గా కలిపేస్తే సరి. కలపండి, చేతి పొరపాట్లు తగ్గుతాయి. కానీ ఏ కాలమ్ ఎవరిదో తేల్చకుండా కలిపితే, వారానికోసారి జరిగే తప్పు నిమిషానికోసారి జరుగుతుంది. షీటులో ఒకరు తేదీ మారుస్తారు, సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి వేరే తేదీ పంపుతుంది, చివరగా రాసినవాడు గెలుస్తాడు. మూడో మాట, చిన్న పనులకు ఇదంతా అవసరమా అని. అవసరం లేదు. పదిహేను పనులు, నలుగురు మనుషులు ఉంటే ఒక్క షీటు చాలు. పట్టుబట్టి ప్రాజెక్ట్‌లోకి ఎక్కించడం ఆడంబరం.

పెద్ద పనికైతే సోమవారం పొద్దున సైట్ ఇంజనీరుకు వెళ్ళే షీటు ఎలా ఉండాలో ఇప్పుడు చెప్పవచ్చు. మొదటి కాలమ్‌లో మారని సంఖ్య, తాళం వేసి. పక్కన పని పేరు. ఆపైన సాఫ్ట్‌వేర్ లెక్కగట్టిన మొదలు, ముగింపు తేదీలు, బూడిద రంగులో, దిద్దడానికి వీల్లేకుండా. వాటి తర్వాత తెల్లటి గళ్ళు: నిజంగా మొదలైన తేదీ, నిజంగా ముగిసిన తేదీ, ఇంకా ఎన్ని రోజులు లేదా గంటలు పడుతుంది. చివరన ఒక వెడల్పాటి గడి. అందులో బ్లాక్ దొరకలేదనో, ఇసుక రాలేదనో, ఈ పని ఆ పని కోసం ఆగనక్కర్లేదనో ఇంజనీరు తన మాటల్లో రాస్తాడు. శనివారం సాయంత్రం అది తిరిగి వచ్చాక తెల్ల గళ్ళు మాత్రమే లోపలికి వెళ్తాయి, పంపిన వరుసలెన్ని, చేరిన వరుసలెన్ని అని లెక్క చూసుకున్నాక. వెడల్పాటి గడిని యంత్రం చదవదు. దాన్ని ప్లానింగ్ ఇంజనీరు కూర్చుని చదివి, ఏ ముడి విప్పాలో, ఏది కొత్తగా వేయాలో తానే తేల్చుకోవాలి.